మేడ మీద దేవత, కింద సత్రం

సూరత్‌లోని సలాబత్‌పురా ప్రాంతం బట్టల వ్యాపారానికి పెట్టింది పేరు. రింగ్ రోడ్డు మార్కెట్ల చుట్టూ చీరల మూటలు దిగేవి దిగుతుంటాయి, ఎక్కేవి ఎక్కుతుంటాయి. ఈ నగరంలో తెలుగు మాట వినబడటం వింతేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి నేతపనిని నమ్ముకుని వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా ఉన్నారు. సూరత్ నగర ప్రాథమిక విద్యా సమితి నడిపే బడుల్లో తెలుగు మీడియం బడులు కూడా ఉన్నాయి. ఊరు దాటిన నేతగాళ్లు ఎక్కడ నాలుగు మగ్గాలు నిలిపినా అక్కడ మార్కండేయుడికి ఒక గుడి కట్టుకున్నారు. షోలాపూర్, భీవండి, ముంబై, సూరత్ అన్నిచోట్లా అదే వరస.

ఈ సూరత్‌కే చైనాతో ఒక పాత నేత బంధుత్వం ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ పారసీ వర్తకుడు జంషెట్‌జీ జీజీభాయ్ సూరత్‌కు చెందిన జోషీ కుటుంబం అన్నదమ్ములు ముగ్గురిని చైనాకు పంపి పట్టునేత నేర్పించాడని చెబుతారు. వాళ్లు తెచ్చిన నేతే తాంఛోయి. నున్నటి శాటిన్ నేల మీద పూలు, పిట్టలు తేలే ఆ పట్టు తర్వాత బనారస్ మగ్గాలకెక్కి అక్కడే స్థిరపడింది. అలా చైనా నేత సూరత్‌కు వచ్చింది. మనుషులు మాత్రం వేరే దారిన వచ్చారు. బొంబాయి రేవుకు కొందరు, కలకత్తా రేవుకు చాలామంది. వచ్చినవాళ్లు కూడా మన నేతగాళ్లు చేసినట్టే చేశారు. ముందు పని వెతుక్కున్నారు, తర్వాత గుడి కట్టుకున్నారు. ఈ దేశంలో చైనీయుల గుళ్లు ఒక్కచోట గుంపుగా నిలిచి ఉన్నది కలకత్తాలోనే. లాల్‌బజార్ పోలీసు కేంద్ర కార్యాలయానికి కూతవేటు దూరంలో, టిరెట్టా బజార్ సందుల్లో.

ఆ కథకు మొదలు నగరంలో లేదు. హుగ్లీ నది వెంట దక్షిణంగా, బజ్‌బజ్ దాటాక అచిపూర్ అనే ఊరుంది. 1770ల చివర్లో టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి అక్కడ దిగాడు. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌ను మెప్పించి, ఏడాదికి 45 రూపాయల శిస్తు మీద 650 బిఘాల భూమి పట్టా పొందాడు. హేస్టింగ్స్‌కు అతడు తేయాకు రుచి చూపించాడనీ, అందుకు మురిసి భూమి ఇచ్చాడనీ ఒక కథ కూడా వాడుకలో ఉంది. కథ మాట ఎలా ఉన్నా చెరకు తోట నిజం, పంచదార మిల్లు నిజం. చైనా నుంచి వంద మందికి పైగా కూలీలను రప్పించుకున్నాడు. కూలీలు నిలవడమే కష్టమైంది. అప్పటికే కలకత్తాలో తిష్ఠవేసిన, మకావు నుంచి ఓడలు దిగి పారిపోయి వచ్చిన చైనీయులు తన మనుషులను ఆశపెట్టి లాక్కుపోతున్నారని ఈస్టిండియా కంపెనీకి మొరపెట్టుకున్నాడు. అలా చేసేవారిని శిక్షిస్తామని 1781లో కంపెనీ ప్రకటన కూడా ఇచ్చింది. 1783 నాటికి అచ్యూ చనిపోయాడు. మిల్లు మూతపడింది. కూలీలు నగరం దారి పట్టారు.

మిల్లు ఆనవాలు లేకపోయినా ఊరికి అతడి పేరు మిగిలింది. నది ఒడ్డున గుర్రపు నాడా ఆకారంలో ఎర్రరంగు సమాధి ఉంది. కొంత దూరంలో చిన్న గుడి ఉంది. అందులో భూమిని కాచే దేవుడూ ఆయన ఇల్లాలూ కొలువై ఉన్నారు. చుట్టుపక్కల బెంగాలీలు వాళ్లను ఖుదా, ఖుదీ అని పిలుస్తారు. అదే ఆవరణలో సుందర్‌బన్ అడవుల పులిదేవర దక్షిణరాయుడికీ చోటిచ్చారు. పరాయి నేల మీద పొలం దున్నేవాడు ఆ నేల దేవతతోనూ మంచిగా ఉండాలనుకోవడం మన పల్లెల్లో పుట్టిపెరిగిన ఎవరికైనా వెంటనే అర్థమయ్యే సంగతి. ఏటా చైనా కొత్త సంవత్సరం రోజుల్లో కోల్‌కతా చైనీయులు కుటుంబాలతో అక్కడికి వెళ్లి సమాధి దగ్గర అగరొత్తులు వెలిగించి, వండుకెళ్లిన పంది మాంసం, కోడి, పండ్లు నైవేద్యం పెడతారు.

నగరానికి చేరినవాళ్లకు చోటిచ్చిన బజారు మాత్రం ఒక ఇటలీవాడిది. వెనిస్ ప్రాంతం నుంచి వచ్చిన ఎడ్వర్డ్ టిరెట్టా కంపెనీ కొలువులో వీధులు, భవనాల అధికారిగా ఉంటూ సొంతానికి ఒక బజారు కట్టించాడు. అప్పులపాలై 1788లో దాన్ని లాటరీలో పోగొట్టుకున్నాడు. ఆస్తి చేతులు మారినా పేరు మారలేదు. ఆ చుట్టుపక్కల సందుల్లో చైనా వాడ పెరిగింది.

వచ్చినవాళ్లంతా ఒకటే అనుకుంటే ఈ గుళ్లు అర్థం కావు. కాంటన్ ప్రాంతం వాళ్లు వడ్రంగులు. రేవులో ఓడలు బాగుచేశారు, బౌబజార్‌లో బల్లలు, బీరువాలు చేశారు. హక్కా అనే చైనా వర్గం వాళ్లు బెంటింక్ వీధిలో బూట్లు కుట్టారు, తర్వాత తంగ్రా చిత్తడి నేలల్లో తోళ్ల పరిశ్రమ నిలబెట్టారు. హుబేయ్ వాళ్లు పళ్ల వైద్యులు. షాన్‌డాంగ్ వాళ్లు భుజాన మూట వేసుకుని ఇంటింటికీ తిరిగి పట్టు అమ్మారు. ఒకరి మాట మరొకరికి సగమే అర్థమయ్యేది. అందుకే కులం కన్నా, వృత్తి కన్నా ముందు ‘ఏ జిల్లా?’ అన్న ప్రశ్నే వాళ్లను కలిపింది. సూరత్‌లో కరీంనగర్ వాళ్లు, నల్లగొండ వాళ్లు, వరంగల్ వాళ్లు ఒకరినొకరు ఎలా పోల్చుకుంటారో అలాగే.

టిరెట్టా బజార్‌లో చాలా గుళ్ల పేర్లు ఆ జిల్లాల పేర్లే. 1820 నాటి నామ్ సూన్, నాన్‌హాయ్, షున్‌దే తాలూకాల వాళ్లది. టూంగ్ ఆన్, డాంగ్‌గ్వాన్, బావోఆన్ వాళ్లది. ఛాతావాలా గల్లీలో 1905లో కట్టిన సీ ఇప్, పెర్ల్ నది పడమటి వైపున్న నాలుగు తాలూకాల వాళ్లందరిదీ. 1908 నాటి సీ వోయి యూన్ లియాంగ్ ఫుత్, సీహుయ్ అనే ఊరి మూలాలున్నవాళ్లది. ఆ ఊళ్లో పుట్టి బుద్ధత్వం పొందారని నమ్మే యూన్, లియాంగ్ అనే ఇద్దరు మహాపురుషులే అక్కడ మూలవిరాట్టులు. ఇంగ్లిష్ దొరల కాలం నుంచీ బోర్డుల మీద వీటన్నిటికీ ‘చర్చి’ అనే ఉంటుంది. లోపల శిలువ ఉండదు. ధూపం పొగ ఉంటుంది.

ఈ గుళ్లలో ఒక్కటి ఎక్కి చూసినా కట్టినవాళ్ల ఆలోచన తెలిసిపోతుంది. సీ ఇప్‌నే తీసుకుందాం. వీధి గుమ్మం దాటగానే దేవుడు కనబడడు. కింది అంతస్తు జిల్లా వాళ్ల సంఘానిది. ఓడ దిగిన వడ్రంగి నాలుగు రోజులు తల దాచుకోవడానికి, సాయంత్రం పూట నలుగురు కూర్చుని పావులాట ఆడుకోవడానికి అది చోటు. దేవత మేడ మీద. కరుణామూర్తి గ్వాన్‌యిన్. మన బౌద్ధం నుంచి వెళ్లిన అవలోకితేశ్వరుడే చైనాలో స్త్రీ రూపం దాల్చి ఆ పేరుతో పూజలందుకుంటున్నాడు. మందిరం ముందు చెక్కిన చెక్క తోరణం అంగుళం ఖాళీ లేకుండా మనుషులతో, గుర్రాలతో, పూలతో కిక్కిరిసి ఉంటుంది. అంతా బంగారు పూత. దశాబ్దాల అగరొత్తుల పొగకు ఆ పూత నల్లబారి, దీపం వెలిగించినప్పుడే చెక్కడం తేటగా కనబడుతుంది.

ఆ తోరణం కింద బల్ల మీద ఒక వెదురు గొట్టం ఉంటుంది. నిండా అంకెలు వేసిన సన్నటి పుల్లలు. భక్తుడు మోకాళ్ల మీద కూర్చుని మనసులో ప్రశ్న తలుచుకుని, గొట్టాన్ని కొంచెం వాల్చి లయగా కుదుపుతాడు. ఒక పుల్ల మిగతావాటిని తోసుకుని బయటికి రాలే వరకూ కుదపాలి. రెండు రాలితే లెక్కలోకి రాదు, మళ్లీ మొదలుపెట్టాలి. రాలిన పుల్ల అంకెను బట్టి గోడకున్న అరల్లోంచి చీటీ తీస్తారు. ఆ జవాబు నిజమేనా అని దేవతను మరోసారి అడగడానికి నెలవంక ఆకారపు చెక్కముక్కలు రెండున్నాయి. ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. నేల మీద వేస్తే ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడాలి. అప్పుడే దేవత అవునన్నట్టు. ఓడెక్కి ఇల్లు వదిలినవాడు, ఊరికి ఉత్తరం రాస్తే జవాబుకు నెలలు పట్టే రోజుల్లో, ఇక్కడ అడిగిన ప్రశ్నలు ఎలాంటివో ఊహించడం కష్టం కాదు.

టూంగ్ ఆన్ గుడి సంగతి వేరు. అక్కడి దేవుడు గ్వాన్ యూ. క్రీస్తుశకం 220 ప్రాంతంలో యుద్ధంలో పట్టుబడి చనిపోయిన సేనాని. మాట తప్పనివాడని పేరుపడి కాలక్రమంలో దేవుడయ్యాడు. వర్తకులు ఆయన సమక్షంలో ఒప్పందాలు చేసుకున్నారు, సంఘాల వాళ్లు ఆయన మీద ప్రమాణం చేశారు. గుడిలో వరసగా నిలబెట్టిన ఉత్సవాయుధాలు చూస్తే తెలుగువాడికి కారెంపూడి వీర్లగుడి గుర్తుకు రాక మానదు. పల్నాటి వీరుల ఆయుధాలకు ఏటా అక్కడ పూజ జరుగుతుంది, ఇక్కడా ఒక వీరుడి ఆయుధాలకు గుడిలో చోటుంది.

ఆ గుడి కింది అంతస్తులో 1920ల నడుమ నాన్‌కింగ్ రెస్టారెంట్ వెలిసింది. కలకత్తాకు చైనా భోజనం రుచి పెద్ద ఎత్తున చూపించింది అదే. దొరలు, జమీందారులు, ఆ తర్వాతి కాలంలో సినిమా తారలు అక్కడికి వచ్చేవారు. పైన ధూపం, కింద విందు. హోటల్ అద్దెతో గుడి నడిచేది. దేవుడి మాన్యం కౌలుతో దీపారాధన జరిగే ఏర్పాటు మన ఊళ్లలోనూ ఉన్నదే.

బొంబాయిలోనూ ఇదే పద్ధతి కనబడుతుంది. మజ్‌గావ్‌లో డాక్‌యార్డ్ రోడ్ స్టేషన్‌కు దగ్గరగా, నవాబ్ ట్యాంక్ రోడ్డులో 1919లో కట్టిన సీ యుప్ కూన్ గుడి ఉంది. కలకత్తాలో సీ ఇప్ కట్టిన ఆ నాలుగు తాలూకాల వాళ్లదే అది కూడా. ఆస్ట్రేలియాలో బంగారు గనులకు వెళ్లిన అదే తాలూకాల మనుషులు సౌత్ మెల్‌బోర్న్‌లో 1866లోనే సీ యుప్ గుడి కట్టారు. బొంబాయి చైనీయుల పాత వాడ కామాఠీపురా శుక్లాజీ వీధి దగ్గర ఉండేది. ఆ కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది నిజాం రాజ్యం నుంచి ఇళ్ల కట్టుబడి పనికి వెళ్లిన తెలుగు కామాఠీల వల్లే. బొంబాయిని కట్టిన తెలుగు కూలీ, బొంబాయి రేవులో పనిచేసిన చైనా వడ్రంగి ఒకే పేటలో పక్కపక్క సందుల్లో బతికారు. వీళ్ల కథను ఎవరైనా కలిపి రాస్తే ఆ నగర చరిత్రలో ఒక పెద్ద వెలితి తీరుతుంది.

1962 అక్టోబరులో భారత్, చైనా సరిహద్దులో యుద్ధం వచ్చింది. దాని దెబ్బ టిరెట్టా బజార్ మీద, తంగ్రా మీద, అస్సాం తేయాకు పట్టణాల మీద పడింది. అనుమానం పేరుతో దాదాపు మూడువేల మంది చైనా మూలాల వాళ్లను, ముసలివాళ్లూ పసిపిల్లలూ సహా, రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. వాళ్లలో చాలామంది ఈ దేశంలోనే పుట్టారు. బెంగాలీ, అస్సామీ, హిందీ తప్ప చైనా భాష సరిగా రానివాళ్లూ ఉన్నారు. చివరి కుటుంబాలు బయటపడేసరికి 1967 వచ్చింది. తిరిగి వచ్చేసరికి దుకాణాలు వేలమైపోయాయి, ఇళ్లలో వేరేవాళ్లున్నారు. బయట మిగిలినవాళ్లు కూడా ఊరు దాటాలంటే పోలీసు అనుమతి తీసుకోవలసి వచ్చింది. ఈ అన్యాయానికి దేశం నేటికీ బహిరంగంగా క్షమాపణ చెప్పలేదు. చెప్పి తీరాలి.

ఆ తర్వాత ఖాళీ కావడం మొదలైంది. టొరంటో వైపు కుటుంబాలు కదిలాయి. 1996లో సుప్రీంకోర్టు ఆదేశంతో తంగ్రా తోళ్ల కర్మాగారాలు బంతాలా వైపు తరలవలసి రావడంతో హక్కాల జీవనాధారానికీ గండిపడింది. అక్కడి తోళ్ల షెడ్లు కొన్ని హోటళ్లయ్యాయి. ఒకప్పుడు ఇరవై వేల దాకా ఉన్న కలకత్తా చైనీయులు ఇప్పుడు రెండు మూడు వేలకు మించరని అంచనా. 1969లో మొదలై చేతిరాతతో, తర్వాత కంప్యూటర్‌తో వెలువడిన చైనా భాషా దినపత్రిక ‘ఓవర్సీస్ చైనీస్ కామర్స్ ఇన్ ఇండియా’ 2020లో ఆగిపోయింది. నాన్‌కింగ్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే మూతపడింది. దాని ముందు ఏళ్ల తరబడి చెత్త పోశారు. చెత్త ఏరుకునేవాళ్లు అక్కడే గుడారాలు వేసుకుని బతికారు. వాళ్లదీ వలసే కాబట్టి వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. తప్పు, ఆ స్థలాన్ని చెత్తకు కేటాయించిన పాలనది.

అయినా గుళ్లు పడిపోలేదు. ఎందుకు పడలేదన్నదే అసలు ప్రశ్న. నగరపాలక సంస్థ వీటిలో కొన్నిటిని వారసత్వ కట్టడాలుగా గుర్తించింది. వారసత్వ సంరక్షణ సంస్థ ఇన్‌టాక్ కలకత్తా శాఖ, సింగపూర్ సంస్థ ఒకటి కలిసి టిరెట్టా బజార్, తంగ్రాలను బాగుచేసే ‘ఛా ప్రాజెక్టు’ను ప్రతిపాదించాయి. ఇవన్నీ మంచి పనులే. కానీ ఈ గోడలను ఇన్నాళ్లు నిలబెట్టింది గుర్తింపు ఫలకాలు కావు. ప్రతి గుడికీ ఉన్న సంఘం. కాపలాకు ఒక మనిషిని పెట్టి, కరెంటు బిల్లు కట్టి, కొత్త సంవత్సరానికి సింహనాట్యం పిల్లలకు ఎర్ర కవరులో డబ్బు పెట్టి, ఉదయం తలుపు తీసి రాత్రి వేసినవాళ్లు. జిల్లా సంఘం సభ్యులు పది మందికి తగ్గినా తాళంచెవి మాత్రం చేతులు మారుతూ వచ్చింది.

బాగుచేయడం ఎలాగో చూపించిన ఊరు సింగపూర్. అక్కడి తెలోక్ ఆయెర్ వీధిలో హొక్కియన్ నావికులు సముద్రదేవత మాజుకు 1839–42 మధ్య థియాన్ హాక్ కెంగ్ గుడి కట్టారు. అప్పుడు సముద్రం గుడి ముందే ఉండేది. తర్వాత పూడ్చడంతో దూరం జరిగింది. 1973లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1998 నుంచి 2000 దాకా చైనా నుంచి పనివాళ్లను రప్పించి, కుళ్లిన దూలాలను మాత్రమే మార్చి, మిగతా చెక్కను తుడిచి పాత రంగు కోసం పొర పొర తీసి చూసి బాగుచేశారు. 2001లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ప్రత్యేక ప్రస్తావన దక్కింది. అయితే దాని వెనుక హొక్కియన్ హువే కువాన్ అనే సంఘం ఉంది. 1912లో మొదలైన ఐ టాంగ్ బడిని నడిపిన సంఘం అది. ఆ బడి ఇప్పటికీ వేరేచోట నడుస్తోంది. డబ్బూ మనుషులూ ఉన్న సంఘం కనుక పని సవ్యంగా జరిగింది. కలకత్తా సంఘాలకు భక్తి ఉంది గానీ మనుషుల్లేరు.

కాబట్టి టిరెట్టా బజార్ విషయంలో బంగారు పూత తోరణం శుభ్రం చేయడంతో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. సగం గుడి మేడ మీద ఉంది, సగం కింద ఉంది. కింది సత్రాన్ని, హోటల్‌ను, బడిని, కూర్చుని మాట్లాడుకునే బల్లను కూడా గుడిలో భాగంగా లెక్కపెట్టాలి. నాన్‌కింగ్ హాలులో మళ్లీ పొయ్యి వెలిగితే పైన దీపానికి నూనె దానంతటదే వస్తుంది. అలాంటి ప్రయత్నానికి ప్రభుత్వం పన్ను రాయితీ ఇచ్చినా, చెత్త కుండీని శాశ్వతంగా తరలించినా, ఫలకాల కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. తంగ్రాలో చైనీయులు కట్టుకున్న కాళీ గుడి ఈ మాటకు రుజువు. అక్కడ బెంగాలీ పూజారి పూజ చేస్తాడు, నూడుల్స్ ప్రసాదం పెడతారు, రెండు జాతుల వాళ్లూ వస్తారు. అందుకే ఆ గుడికి జనం కొరత లేదు.

ఆదివారం తెల్లవారుజామున టిరెట్టా బజార్‌లో చైనా పలహారాలు అమ్ముతారు. చేప ఉండల పులుసు, ఆవిరి మీద ఉడికిన బన్నులు ఎనిమిది గంటలకల్లా అయిపోతాయి. ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కోల్‌కతా వెళ్లే తెలుగువారు ఆ పూట ఇంకో అరగంట ఉండి ఛాతావాలా గల్లీలో సీ ఇప్ మెట్లు ఎక్కండి. చెప్పులు విడిచి, కాపలా మనిషిని అడిగి లోపలికి వెళ్లండి. హుండీలో తోచింది వేయండి.

సూరత్, భీవండి, ముంబై, షోలాపూర్ తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. మీ మార్కండేయ గుడి మొదటి చందా పుస్తకం, స్థలం కొన్న కాగితాలు, తొలి కమిటీ ఫొటో ఎవరి ఇంట్లో ఉన్నాయో ఈ ఏడాదే వెతికించండి. స్కాన్ చేయించి ఒక ప్రతి సంఘం దగ్గర, ఒక ప్రతి మీ నగర గ్రంథాలయంలో ఉంచండి. మగ్గం మీద పనిచేసిన మొదటి తరం పెద్దలు బతికుండగానే వాళ్ల మాట రికార్డు చేయించండి.